గోపమ్మ పెరుగు, దేవసహాయం సారు బ్లూబెర్రీలు

గోపమ్మ అబద్ధం చెప్పేది కాదు. ఆమె దగ్గర పాలూ పెరుగూ పోయించుకున్న సూర్యాపేట ఆడవాళ్ళెవరూ ఈ మాట ఒప్పుకోరు. కానీ నిజం. ఏది అడిగినా నిజమే చెప్పేది. కాకపోతే ఆ నిజాన్ని ఏ పక్కనుంచి అందిస్తే అవతలివాళ్ళు బోల్తా పడతారో ఆ పక్కనుంచే అందించేది.

ఒకసారి మా వీధిలో ఒకావిడ "పాలల్ల నీళ్ళు పోసినవా గోపమ్మా?" అని నిలదీసింది. "పోసిన" అంది గోపమ్మ తడుముకోకుండా. ఆవిడ గిన్నె వెనక్కి లాక్కుని అరిచిన అరుపుకు నాలుగిళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. అందరూ బయటికి వచ్చేదాకా ఓపిగ్గా ఆగి, "పొద్దుగాల్నే రెండు బకెట్లు పోసిన. బర్రె నీళ్ళు తాగకుంటె పాలేడికెల్లి ఇస్తది?" అంది.

ఆమెది తిరుమలగిరి దగ్గర చిన్న ఊరు. భర్త బీరన్న గొర్లు కాసేవాడు. మనిషి బంగారం, మాట మాత్రం రోజుకు రెండో మూడో. మిగిలిన మాటలన్నీ గోపమ్మ వాడుకునేది. రెండు బర్రెల పాలు పిండుకుని, నిన్నటి పాలు తోడేసిన పెరుగు కుండ నెత్తిన పెట్టుకుని, మొదటి బస్సుకే సూర్యాపేటలో దిగేది. యాభై ఏళ్ళు దాటినా ఆమె నడక ఎక్కడికో ఆటకు పోతున్నట్టు ఉండేది.

ఆమె మాటలకు అందరికంటే ఎక్కువగా చిక్కేది గీత టీచరు. గీతది కోదాడ. సర్కారు బడిలో పిల్లలకు సైన్సు చెప్పేది. భర్త అఖిల్ ఒక దవాఖానలో రక్త పరీక్షలు చేసే ఉద్యోగి. క్రిస్మస్ వస్తే మిర్యాలగూడ నుంచి గీత మామగారు దేవసహాయం దిగేవాడు. ఇంగ్లీషు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరయినవాడు. మంచివాడే, కానీ నోట "నాకు తెలియదు" అన్న మాట ఎవరూ వినలేదు.

2011 క్రిస్మస్‌కు గీత ప్రెషర్ కుక్కర్ అడుగున ఉప్పు పోసి, దాని మీద గిన్నె పెట్టి కేకు చేసింది. అది ఉబ్బలేదు, ఉడికిందో లేదో కూడా తెలియలేదు, బిగుసుకుపోయింది. దేవసహాయం చాకుతో రెండుసార్లు దాని మీద కొట్టి చూసి, చర్చి సంఘం వాళ్ళందరి ముందూ, "అఖిల్, ఇంట్ల రంపం ఉన్నదారా?" అన్నాడు. అందరూ నవ్వారు. గీత కూడా నవ్వింది. ఆ నవ్వు ఏడాదంతా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

మరుసటి డిసెంబరులో టీవీలో ఒకావిడ పొయ్యి వెలిగించకుండానే పండుగ తీపి చేసి చూపించింది. ఏదో మెత్తని చీజ్‌ను చక్కెరతో గిలక్కొట్టి గిన్నెలో పెట్టింది. చుట్టూ రకరకాల బెర్రీ పండ్లు పేర్చింది. ఒక్కో పండూ పుల్లకు గుచ్చి అందులో ముంచుకుని తినడమే. దాన్ని డిప్ అంటారట. కాల్చేది లేదు, మాడేది లేదు, రంపం అవసరం అసలే లేదు. గీత పరీక్ష పేపర్ల వెనక అంతా రాసుకుంది.

మరునాడు సూర్యాపేట దుకాణాలన్నీ తిరిగింది. చీజ్ అడిగితే పనీరు చూపించారు. స్ట్రాబెర్రీలు అడిగితే, "అదే రంగు ఉంటది మేడం" అని జామ్ సీసా చేతిలో పెట్టారు. ఉత్త సంచీతో ఇంటికి వచ్చేసరికి గోపమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది.

"గోపమ్మా, పండక్కి నాకు బాగా గట్టి పెరుగు కావాలి. చెంచా గుచ్చితే నిలబడాలి" అంది గీత.

"చెంచా నిలబడితె సాలా, నువ్వు గూడ నిలబడ్తవా?"

"ఏడిపించకు. డిప్ చెయ్యాలి."

"డిప్పనా? ఎవల డిప్ప?" అంటూ గోపమ్మ తన తల తడుముకుంది.

గీత కూర్చోబెట్టి అంతా చెప్పింది. నిరుటి కేకు సంగతి, రంపం సంగతి కూడా చెప్పింది. రంపం మాటకు గోపమ్మ నవ్వుతుందని అనుకుంది గానీ, ఆమె నవ్వలేదు. కాసేపు కుండ అంచు తుడుస్తూ కూర్చుని, "పెరుగు నేను జూసుకుంట. పండ్లు గూడ నేనే దెస్త. నువ్వు చక్కెర దంచి పెట్టు, సాలు" అంది.

క్రిస్మస్ రోజు పొద్దున్నే మొదటి బస్సు దిగి వచ్చింది. ఒక చేతిలో తెల్లటి మూట, నెత్తిన గంప. మూట విప్పితే లోపల నీరంతా కారిపోయి, వెన్నకూ జున్నుకూ మధ్య ఎక్కడో నిలిచిపోయిన పెరుగు ముద్ద. గీత వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "ఎంత బాగుందో! దేంట్లో కట్టావు?"

"బీరన్న పంచెల."

గీత కళ్ళు తెరిచింది. గోపమ్మ అలాగే చూస్తూ ఊరుకుంది. గీత ముఖం తెలుపై, పసుపై, ఉమ్మేద్దామా మింగేద్దామా అన్నంత దాకా పోయాక, "కొత్తదే. పండుగకని కొన్న. ఆయన ఒక్కసారి గూడ కట్టుకోలే. ఉడకబెట్టి ఆరేసి కట్టిన" అంది.

ఇద్దరూ కలిసి ఆ ముద్దను పళ్ళెంలో వేసి అరచేత్తో రుద్దారు. పలుకన్నది లేకుండా పట్టులా అయ్యాక దంచిన చక్కెర, గిలక్కొట్టిన చిక్కటి మీగడ, యాలకుల పొడి కలిపారు. గోపమ్మ చిటికెడు ఉప్పు వేసింది. గీత వద్దంటే, "నీకు బడిల సైన్సు, నాకు గిది" అంది. నిజంగానే ఉప్పు పడ్డాక తీపి ఇంకా తియ్యగా తేలింది.

గంపలో మూడు రకాల పండ్లు ఉన్నాయి. ఎర్రబారిన రేగుపండ్లు. పల్చటి కాగితం బుడగలాంటి తొడుగులో పసుపుపచ్చగా మెరిసే బుడ్డకాశపండ్లు. అడుగున తడిగుడ్డ కింద, మిరియాలకు అన్నల్లా, నల్లగా నిగనిగలాడే చిన్న పరికిపండ్లు. రేగుపండ్ల గింజ తీసి ముక్కలు చేశారు. పరికిపండు పొడుగునా గింజే కాబట్టి దాని జోలికి పోలేదు. గాజు గిన్నె మధ్యలో తెల్లటి డిప్, చుట్టూ ఎరుపు, పసుపు, నలుపు. గీత రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. టీవీలో దానికంటే బాగుంది.

ప్రార్థన అయ్యాక మధ్యాహ్నానికి సంఘం వాళ్ళు ఆరుగురు వచ్చారు. దేవసహాయం సోఫాలో మధ్యన కూర్చుని గిన్నె వైపు వంగాడు. "రేగుపండ్లు. ఇవి పొలాల గట్ల మీద దొరికే కాశపండ్లు. మరి ఈ నల్లటివేంటివి?"

గీత నోరు తెరిచేలోపు వంటింటి గుమ్మంలో వెల్లుల్లి ఒలుస్తున్న గోపమ్మ అడిగింది: "మీకు తెల్వదా సారూ?"

అంతే. దేవసహాయం నిటారుగా కూర్చున్నాడు. "తెల్వకేం? ఎట్ల వచ్చినయి ఇవి?"

"బస్సుల వచ్చినయి."

"పార్సిలా?"

"గంపల పెట్టి, తడిగుడ్డ కప్పి, మస్తు పైలంగ తెచ్చినవి సారూ."

"అక్కడ చలి ఎక్కువనా?"

"పొద్దుగాల నోట్ల పండ్లు టకటక కొట్టుకుంటయి సారూ, గంత సలి."

దేవసహాయం ఒక పండును రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురుకు ఎత్తాడు. చిన్నప్పటి నుంచి మిషను హాస్టల్లో పెరిగి, కాలువ కింద వరి పొలాల మధ్య ఉద్యోగం చేసినవాడు. మెట్ట ప్రాంతపు ముళ్ళ పొదల్లోకి ఎన్నడూ పోలేదు. "బ్లూబెర్రీ" అన్నాడు చివరికి. "ఇంగ్లీషు పుస్తకాలల్ల ఎన్నిసార్లు చదివిన! చలి దేశాల పండు. అఖిల్, ఎంత ఖర్చు పెట్టి తెప్పించినవ్‌రా!"

అఖిల్ నీళ్ళు తెస్తానని పెరట్లోకి పోయాడు. నల్లా దగ్గర అతను నవ్వు ఆపుకోలేకపోతున్నాడని శబ్దాన్ని బట్టి గీతకు తెలిసిపోయింది.

ఇంతలో సంఘం పెద్ద ఒకాయన నోట్లో టక్కుమంది. "గింజ ఉన్నదే!" అన్నాడు దవడ పట్టుకుని.

"ఉండాలె" అన్నాడు దేవసహాయం. "అసలు రకానికే గింజ ఉంటది. గింజ లేనిది ఫారం సరుకు."

తరువాత ఆయన మాట్లాడటం మానేశాడు. ముంచుకున్నాడు, తిన్నాడు, మళ్ళీ ముంచుకున్నాడు. పులుపూ తీపీ చల్లదనమూ కలిసి ఆయన ముఖాన్ని చిన్నపిల్లవాడి ముఖంలా చేశాయి. గిన్నె అడుగు కనిపించాక తలెత్తి, అందరూ వినేలా, "గీతా, నిరుడు కేకు మీద నేనన్న మాట తప్పు బిడ్డా. వెనక్కి తీసుకుంటున్న" అన్నాడు.

గీత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నిమిషాన పరికిపండ్ల సంగతి చెప్పడం ఆమె వల్ల కాలేదు. చెప్పకపోవడం వల్ల వారం తిరగకముందే ఇంకో చిక్కు వచ్చింది. జనవరి ఒకటిన మిర్యాలగూడలో రిటైరయిన టీచర్ల కొత్త సంవత్సరం విందు. అందులో తన కోడలి బ్లూబెర్రీ డిప్ ఉంటుందని దేవసహాయం ముప్పై మందికి ఫోన్లు చేసేశాడు.

"ఇప్పుడేం చెయ్యాలి గోపమ్మా? నువ్వే ఇరికించావు" అంది గీత.

"నేనేమన్న? బస్సుల వచ్చినయన్న. రాలేదా? పేరు పెట్టింది ఆయననే" అంది గోపమ్మ. కానీ మిర్యాలగూడ బస్సెక్కినప్పుడు మూటా గంపా పట్టుకుని తనూ ఎక్కింది. ఈ తమాషా చివరిదాకా చూడకపోతే ఆమెకు అన్నం సయించదు.

విందు ఒక రైస్ మిల్లు పక్కనున్న చిన్న హాల్లో. కిటికీల మీద ఊక దుమ్ము. దేవసహాయం కోటు తొడుక్కుని, బ్లూబెర్రీ పుట్టుక నుంచి మొదలుపెట్టి, దానికి ఎంత మంచు కావాలో, తింటే కంటిచూపు ఎట్లా పెరుగుతుందో పది నిమిషాలు చెప్పాడు. ముందు వరుసలో లెక్కల సారు గోపయ్య కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ ఒకే బడిలో ముప్పై ఏళ్ళు పనిచేశారు. ముప్పై ఏళ్ళూ ఒకరి తప్పు ఒకరు పట్టుకోవడానికి ఎదురుచూశారు.

ఆ సమయంలో ప్లేట్లు కడగడానికి వచ్చిన సాయమ్మ అనే మిల్లు కూలీ గిన్నె దగ్గర ఆగింది. వంగి చూసింది. ముఖం వెలిగిపోయింది. "అయ్యో, పరికిపండ్లు! మా తల్లిగారి దిక్కు దొరుకుతయి. ఎన్నేండ్లయిందో తిని!" అంటూ ఒకటి నోట్లో వేసుకుంది.

గోపయ్య లేచి గిన్నె దాకా నడిచి వచ్చాడు. ఒక పండు తీసి కొరికి, గింజ అరచేతిలోకి ఉమ్మి, దాన్ని అందరికీ చూపించాడు. "మంచు దేశం గాదు సారూ, ముండ్ల దేశం!" అన్నాడు. ముప్పై మంది ఒక్కసారిగా పగలబడి నవ్వారు. గోపయ్య నవ్వి నవ్వి కుర్చీ పట్టుకున్నాడు. "బ్లూబెర్రీ దేవసహాయం!" అని ఎవరో వెనకనుంచి అరిచారు.

దేవసహాయం కోటు గుండీలు ఒకటి పెట్టుకుని ఒకటి విప్పుకుని నిలబడ్డాడు. ఆ చేతుల్ని చూశాక గోపమ్మకు నవ్వు రాలేదు. ఆమె ఎవర్ని ఏడిపించినా అది తనకూ వాళ్ళకూ మధ్యే ఉండేది. పదిమంది చేత నవ్వించడం ఆమె లెక్కలో లేదు. గంప కింద పెట్టి ముందుకు వచ్చింది. "సారుది తప్పు లేదు. నేనే సక్కగ చెప్పలే. నేను సూపిచ్చిన తొవ్వల సారు నడిసిండు. నవ్వేదుంటె నన్ను జూసి నవ్వుండ్రి" అంది.

నవ్వులు తగ్గాయి. తినడం మాత్రం ఎవరూ మానలేదు. గోపయ్య మూడుసార్లు వడ్డించుకున్నాడు.

బస్టాండుకు నడుస్తున్నప్పుడు దేవసహాయం ఒక్కటే అడిగాడు. "ఆ పరికిపండ్ల చెట్టు ఎక్కడుంటది?"

"చెట్టు గాదు సారూ, పొద. మా ఇంటెనుకనే ఉంటది."

ఆయన తల ఊపాడు. ఇంకేం మాట్లాడలేదు. గోపమ్మకు ఆ మౌనం తిట్టుకంటే బరువుగా తోచింది.

కానీ ఆయన కోపంతో మౌనంగా లేడు. ఆలోచిస్తున్నాడు. జనవరి మూడో వారంలో గోపమ్మ పేరు మీద రిజిస్టర్ పోస్టులో ఒక కవరు వచ్చింది. లోపల ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం, కింద ఎర్రటి గుండ్రటి ముద్ర. అది టీచర్ల సంఘం ముద్రే. పేరు చదవడానికి వీల్లేకుండా ఆయన సిరా బాగా అద్ది కొట్టాడు. తరువాత కోడలికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాడు. గీత ఒక్క క్షణం ఆలోచించి, తన నోట్లోకి పోయిన బీరన్న పంచెను గుర్తు చేసుకుని, సరేనంది.

గోపమ్మ ఆ కాగితం తీసుకుని వచ్చినప్పుడు గీత ముఖం గంభీరంగా పెట్టి తెలుగులో చదివి వినిపించింది. "విదేశీ పండ్ల పేరుతో అమాయకులకు స్థానిక పండ్లు తినిపించినట్టు మా దృష్టికి వచ్చింది. వచ్చే ఆదివారం పదకొండు గంటలకు తనిఖీకి వస్తున్నాము. సదరు పొదను మా ముందు హాజరుపరచవలెను."

"పొదనెట్ల హాజరుపరుస్తరు టీచరమ్మా? అది నడుస్తదా?" అంది గోపమ్మ కాగితాన్ని తిప్పి తిప్పి చూస్తూ. ఇంగ్లీషు కాగితం వాళ్ళ ఇంటికి అదే మొదటిసారి రావడం. "నువ్వు జెప్పు, ఇది నిజమేనా?"

"ముద్ర నిజమైనదే గోపమ్మా" అంది గీత. అదీ నిజమే.

రెండు రోజులు గోపమ్మ వీధిలో ఎవర్నీ ఏడిపించలేదు. పెరుగు కొలిచి పోసి, తలవంచుకుని వెళ్ళిపోయింది. జ్వరమా అని అడిగినవాళ్ళకు "కాదు" అని ఒక్క ముక్కలో, తిన్నగా చెప్పింది. అప్పుడు మాకందరికీ నిజంగా భయం వేసింది. ఆదివారం పొద్దున్నే ఆమెకు ఒక ఉపాయం తట్టింది. పొద ఉంటేనే కదా హాజరుపరచడం! బీరన్నను పిలిచి, మందలోని ఆరు మేకలనూ పొద మీదికి తోలమంది. మేకలకు ముళ్ళు అడ్డం కావు. ఆకులు, కాయలు, పండ్లు, లేతకొమ్మలు అన్నీ తిన్నాయి. పది గంటలకల్లా బీరన్న ఇంట్లోకి తొంగిచూసి ఆ రోజుకు తన మొదటి మాట చెప్పాడు.

"ఖతం."

పదకొండింటికి బస్సు ఆగింది. నల్ల కోటు, చంకలో ఫైలు, వెనక అఖిల్, గీత. గోపమ్మ కొంగు తల మీదికి లాక్కుని చేతులు కట్టుకుంది. దగ్గరికి వచ్చాక గానీ ఆ మనిషిని పోల్చుకోలేదు. "సారూ! మీరేంది? ఆఫీసరు వస్తడని..."

"నేనే ఆఫీసర్ని" అన్నాడు దేవసహాయం.

గోపమ్మ ఆయన్ని చూసింది. ఫైలును చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న గీతను చూసింది. తరువాత అక్కడే మట్టిలో చతికిలబడి, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. "అమ్మో సారూ! రెండు దినాల సంది నీళ్ళు గూడ దిగలే నాకు!"

"ముద్ర ఎట్లున్నది?" ఆయన ముఖంలో ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఎన్నడూ లేని సంతోషం. "ఇగ లెవ్వు. పొద చూపియ్యి. చెట్టు మీదివి తెంపుకొని తిందామని పొద్దుగాల టిఫిను గూడ మానుకొని వచ్చిన."

గోపమ్మ నవ్వు ఆగిపోయింది. లేచి ఆయన్ని ఇంటి వెనక్కి తీసుకుపోయింది. అక్కడ నాలుగు బోడి కర్రలు నిలబడి ఉన్నాయి. ఒక మేక చివరి రెమ్మను నోట్లో పెట్టుకుని, దేవసహాయం కళ్ళల్లోకి చూస్తూ నెమ్మదిగా నమిలింది.

"తమరు తనిఖీకి వస్తరని సాక్ష్యం మాయం జేసినం సారూ" అంది గోపమ్మ.

ఆయన మేకను చూశాడు, కర్రలను చూశాడు, ఫైలు మేక వీపు మీద పెట్టి ఆయనా నవ్వడం మొదలుపెట్టాడు.

ఆకలి మాత్రం ఆకలే. బీరన్న కర్ర అందుకుని ఊరి బయట గుట్ట వైపు దారి తీశాడు. అక్కడ రాళ్ళ సందుల్లో పరికి పొదలు ఎన్నో ఉన్నాయి. గీత వచ్చేటప్పుడే ఇంటి నుంచి చిన్న డబ్బాలో డిప్ తెచ్చింది. అఖిల్ ఒక బండ దులిపి దాన్ని అక్కడ పెట్టాడు. పండ్లు ఎవరైనా తెంపి ఇచ్చేవాళ్ళే గానీ, దేవసహాయం తనే తెంపుతానని పొదలోకి చెయ్యి పెట్టాడు. పరికి ముల్లు కొక్కెంలా వంగి ఉంటుంది. చెయ్యి పోవడం సులువు, రావడం కష్టం. కోటు చెయ్యి పట్టుకుంది. విడిపించుకోబోతే రెండో చెయ్యి పట్టుకుంది.

"సారూ, గీ ముల్లును ఇంగిలీషుల ఏమంటరు?" అని అడిగింది గోపమ్మ వినయంగా.

దేవసహాయం పొదలో రెండు చేతులూ చాపి నిలబడి, కాసేపు ఆలోచించాడు. "నాకు తెల్వదు" అన్నాడు.

అఖిల్ చేతిలోని డబ్బా మూత కింద పడింది. గీత మామగారిని మొదటిసారి చూసినట్టు చూసింది. బీరన్న మాత్రం ఏమీ వినిపించనట్టు ముందుకు వచ్చి, ఒక్కో ముల్లూ తప్పించి ఆయన్ని బయటికి తీశాడు.

బండ మీద అయిదుగురూ చుట్టూ కూర్చుని, పుల్లలు లేవు కాబట్టి వేళ్ళతోనే ముంచుకుని తిన్నారు. వేళ్ళన్నీ ఊదారంగు అయ్యాయి. గింజలు ఎవరు ఎంత దూరం ఉమ్మగలరో పందెం పెట్టింది గోపమ్మ. బీరన్న గెలిచాడు. తిరుగు బస్సుకు వేళ అవుతుండగా దేవసహాయం జేబురుమాలు పరిచి, బాగా మాగిన పండ్లు ఏరి మూట కట్టడం మొదలుపెట్టాడు.

"ఎవలకు సారూ?" అంది గోపమ్మ.

"గోపయ్యకు. ఆ రోజు మూడుసార్లు తిన్నడు పాపం, ఇష్టమైనట్టున్నది." మూట ముడివేయబోయి ఆగాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గోపమ్మా, బాగ పుల్లగ, నోట్ల పండ్లు జివ్వుమనే పచ్చివి గూడ ఉంటయా?"

గోపమ్మ అప్పటికే లేచి కొంగు నడుముకు దోపుకుంది. "మస్తున్నయి సారూ. అడుగున ఎయ్యాల్నా, పైన ఎయ్యాల్నా?"